కాలుష్యాన్ని తినే బ్యాక్టీరియా ఉంటే చాలా?

రమణ వ్యర్థజలాల శుద్ధి ఇంజినీరు. వాణి భూగర్భజలంలోని సూక్ష్మజీవుల మీద పనిచేస్తారు. నేను వాణి పక్షమే, కానీ రమణ మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి.

రమణ: పరిశ్రమల నీళ్లు ఇంకితే కింద జీవం చచ్చిపోతుందంటారు. చాలాచోట్ల బ్యాక్టీరియా పెరుగుతుంది కదండీ! దానికది తిండి. 1979లో అమెరికాలోని బెమిడ్జి దగ్గర పైప్‌లైన్ పగిలి ముడి చమురు నేలలోకి దిగింది. అది మరింత దూరం పాకకుండా ఆపింది అక్కడి సూక్ష్మజీవులే.

వాణి: సంఖ్య పెరిగితే అంతా బాగున్నట్టు కాదు. మామూలుగా భూగర్భజలంలో తిండి చాలా తక్కువ. ఒకటి వదిలింది ఇంకొకటి వాడుకుంటూ రకరకాల బ్యాక్టీరియా కలిసి బతుకుతుంది. ఒక్కసారిగా చమురు వచ్చిపడితే దాన్ని తినగలిగినవే విపరీతంగా పెరిగి ఆక్సిజన్ మొత్తం లాగేస్తాయి. ఆ తర్వాత ఆక్సిజన్ బదులు నైట్రేట్, మాంగనీస్, ఇనుము, సల్ఫేట్‌లతో శ్వాసించేవి వస్తాయి, చివరికి మీథేన్ తయారుచేసేవి. మీ బెమిడ్జిలోనే ఇనుముతో శ్వాసించేవి ఇసుకకు పట్టిన ఐరన్ ఆక్సైడును కరిగించాయి. దాంతో మట్టిలో సహజంగా ఉన్న ఆర్సెనిక్ అనే విషం నీళ్లలోకి వచ్చింది. అది పైప్‌లైన్ తెచ్చింది కాదు.

రమణ: ఆక్సిజన్ ఉన్నచోటికి చేరగానే ఆ ఆర్సెనిక్ మళ్లీ మట్టికి పట్టుకుంటుంది.

వాణి: పట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. ఆలోపే ఒక బోరు ఉంటే ఆ ఇంటివాళ్లు తాగేది ఆ నీళ్లే.

రమణ: సరే, తాగేముందు క్లోరిన్ వేసి ఎలాగూ చంపేసే క్రిముల కోసం ఇంత బాధ ఎందుకు?

వాణి: 'క్రిములు' అన్న మాటే వద్దంటాను. రోగం తెచ్చేవాటినీ, నీటిని కాపాడేవాటినీ ఒకే గాటన కట్టేశాం. అందుకే మలం కలిసిందని పట్టిచ్చే కోలిఫామ్ బ్యాక్టీరియా లేదని రిపోర్టు వస్తే నీళ్లు బాగున్నాయనుకుంటాం.

రమణ: కోలిఫామ్ పరీక్షను తక్కువ చేయకండి. కలరా, టైఫాయిడ్ రాకుండా ఎంతమందిని కాపాడిందో!

వాణి: తక్కువ చేయడం లేదు. అది మలం కలిసిందేమో చెబుతుంది, ద్రావకం కలిసిందేమో చెప్పదు. క్లోరిన్ వేసేది పైకి తోడాక. అంతకుముందు ఏళ్ల తరబడి కింద ఆ నీటిని మార్చేది బ్యాక్టీరియానే. లోహపు భాగాల గ్రీజు వదిలించే ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రావకం ఉంది కదా, దాన్ని అంతగా హాని చేయని ఎథీన్ దాకా విడగొట్టగలిగేవి డీహలోకాకాయిడ్స్ లాంటి కొద్ది రకాల బ్యాక్టీరియానే. అవి లేకపోతే పని సగంలో, క్యాన్సర్ తెచ్చే వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగిపోతుంది. పైగా డీహలోకాకాయిడ్స్‌కు హైడ్రోజన్, బి12 విటమిన్ ఇరుగుపొరుగు బ్యాక్టీరియా ఇవ్వాలి. ఆ పొరుగు పోతే అదీ పోతుంది.

రమణ: బోరులోకి ఆ బ్యాక్టీరియాను బయటినుంచి ఎక్కిస్తున్నారు కూడా. బాగుచేయడం కుదురుతుందనేగా?

వాణి: ద్రావకాలకు చాలాచోట్ల కుదిరింది, నిజమే. లోహాల దగ్గరే చిక్కు. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో 1951 నుంచి 1983 దాకా యురేనియం, నైట్రిక్ ఆమ్లం కలిసిన వ్యర్థాలను గుంటల్లో పోశారు. తర్వాత అక్కడి ఒక బావి నీటి డీఎన్ఏ చదివితే రోడనోబాక్టర్ లాంటి ఒక రకం బ్యాక్టీరియాదే పెత్తనం, దాంట్లో లోహాలను తట్టుకునే జన్యువులు. యురేనియాన్ని ఏ బ్యాక్టీరియా తిని లేకుండా చేయలేదు. కరగని రూపంలోకి మారుస్తుందంతే, ఆక్సిజన్ తగిలితే మళ్లీ కరుగుతుంది. ఇంకా టెన్షన్ పెట్టేది, లోహాలను తట్టుకునే జన్యువులూ యాంటీబయాటిక్‌లను తట్టుకునేవీ చాలాసార్లు ఒకే ప్లాస్మిడ్ మీద, అంటే బ్యాక్టీరియా ఒకదానికొకటి ఇచ్చుకోగలిగే చిన్న డీఎన్ఏ ముక్క మీద ఉంటాయి. లోహం ఒకదాన్ని నిలబెడితే రెండోదీ నిలబడుతుంది.

రమణ: అయితే ప్రతి బోరుకూ డీఎన్ఏ పరీక్ష చేయాలా? ఖర్చెవరు పెడతారు?

వాణి: ప్రతి బోరుకూ వద్దు. ఫ్యాక్టరీ కట్టకముందే చుట్టూ కొన్ని బోర్ల నీళ్లు తీసి ఏయే రకాలున్నాయో రాసిపెట్టండి. ఇప్పుడు పాడయ్యాక వెళ్తున్నాం. అక్కడ దొరికింది మొదటినుంచీ ఉందో, మిగతావి పోగా మిగిలిందో చెప్పలేకపోతున్నాను.

రమణ: ముందే ఒకసారి చూడటానికి నేను సిద్ధమే. కానీ నీటిమట్టం మారినా రకాలు మారతాయి. ఆ మార్పునూ ఫ్యాక్టరీ మీదకే తోస్తే?

వాణి: అందుకే ఒకసారి చాలదండీ. నీటిమట్టం పైకొచ్చినప్పుడు ఒకసారి, దిగినప్పుడు ఒకసారి తీయాలి.