పంజరంలో దూరే చూపుడు వేలు గారికి

మహారాజశ్రీ చూపుడు వేలు గారి సముఖానికి, అదే చేతిలో కాపురముండే మిగతా నలుగురం రాసుకునే విన్నపం.

మళ్లీ పసుపు అద్దుకుని కూర్చున్నారు. (ముందు సబ్బు నీళ్లతో కడుక్కోండి, పసుపు తర్వాత.) "ఊరికే కరిచేసిందండీ" అని వీధి వీధంతా చెప్పుకుంటున్నారు. మన కోనసీమలో చిలక కొట్టిన జామకాయకి పిల్లలు ఎగబడతారు, తియ్యగా ఉంటుందని. చిలక కొట్టిన వేలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పంచాయితీ. జామకాయ చెట్టుమీదే ఉంది, చిలకే వెతుక్కుంటూ వెళ్లింది. ఇక్కడ చిలక పంజరంలో ఉంది, తమరే ఊచల సందులోంచి వెతుక్కుంటూ వెళ్లారు. చూపించడం తప్ప చూడటం తెలియని తమకి ఈ తేడా తట్టకపోవచ్చు.

సంక్రాంతికి కొత్తల్లుడొస్తే కాళ్లకి నీళ్లిచ్చి, "ఇంకో అరిసె వేసుకోండి, ఆయ్" అని బతిమాలే ఊళ్లండి మనవి. అదే ఇంటి వసారాలో దూలానికి వేలాడే పంజరంలోని కాకటీల్‌కి (తలమీద తురాయి ఉండే చిన్న చిలక జాతి పక్షి) మాత్రం, వచ్చిన ప్రతి చుట్టం దగ్గర్నుంచీ ఒక్కో వేలుపోటు. పైగా ఆ పంజరానికి నాలుగు వైపులా ఖాళీయే, గాలొస్తే ఊగుతుంది. వెనక ఏముందో తెలియని పక్షి రోజంతా బెదురుతూనే ఉంటుంది. ఒక వైపు గోడకి ఆనేలా, మన గుండె ఎత్తున, కదలని బల్లమీద పెడితే సగం కోపం అక్కడే దిగుతుంది. మిగతా సగానికి తమరే కారణం.

అది చెప్పకుండా కరవదండి. తలమీద తురాయి చూడండి. సగం లేచి వదులుగా ఉంటే కులాసాగా ఉన్నట్టు. నిట్టనిలువుగా లేస్తే ఉలిక్కిపడినట్టు. వెనక్కి అంటుకుపోయి, మెడ ముందుకి సాచి, నోరు తెరిచి బుస్సుమందంటే "దయచేయండి" అని కాదు. అంతకంటే ముందే ఒక చిన్న సైగ ఉంటుంది: మీరు అటునుంచి వస్తుంటే ఒళ్లు ఇటు వాలుస్తుంది, ఇంకో కాలిమీద బరువు వేస్తుంది. అక్కడే ఆగితే అంతటితో సరి. ఆ సైగని పది సార్లు లెక్కచేయకపోతే పదకొండోసారి సైగ చేయడమే మానేసి సూటిగా ముక్కుకి పని చెబుతుంది. "ముందు బాగానే ఉండేదండీ, ఇప్పుడు ఏ సూచనా లేకుండా కరుస్తోంది" అనే ఫిర్యాదు వెనక ఉండే కథ చాలాసార్లు ఇదే.

ఇంకొకటి. దానికి ముక్కు మూడో కాలు. తాటిపట్టె వంతెన ఎక్కేముందు మనం కాలితో నొక్కి చూస్తామే, అలా ఎక్కబోయే కొమ్మని ముక్కుతో పట్టి చూస్తుంది. తమరేమో ఆ పట్టుకే "అమ్మో" అని వెనక్కి లాక్కుంటారు. అంటే ఈ కొమ్మ నమ్మదగింది కాదని దానికి రూఢి అయిపోయింది. మర్నాడు జారిపోకుండా ఇంకాస్త గట్టిగా పడుతుంది. తమరు ఇంకాస్త గట్టిగా అరుస్తారు. ఆ కేకకి ఇంట్లోవాళ్లంతా పరుగెత్తుకొస్తారు. ఒంటరిగా కూర్చుని విసుగెత్తిన పక్షికి ఖర్చులేని నాటకం! బెదిరిన పక్షికైతే ఇంకా లాభం, కరిస్తే వేలు వెనక్కి వెళ్లిపోతుందని తేలిపోయింది. ఎటు చూసినా కరిచినందుకు జీతం ఇస్తున్నది తమరే.

తమ వైద్యాలు కూడా చూస్తున్నాం. ఒంటికి కారం రాసుకున్నారు. చిలక శుభ్రంగా నాకేసింది. పక్షులకి మిరప ఘాటు తెలియదు మహాప్రభో, మంట పుట్టించే ఆ పదార్థం వాటి నరాలకి తగలదు. అడవి మిరప గింజల్ని ఊరూరా చల్లేది పక్షులే. ఊరగాయ కారమైతే అందులోని ఉప్పు దానికి చేటు కూడా. ఇక ముక్కుమీద చిటికె వేయడం అనే శాస్త్రం! ఆ ముక్కు వట్టి గోరు కాదు, లోపల ఎముకా నెత్తురూ నరాలూ ఉన్నాయి. చిటికెతో అది నేర్చుకునే పాఠం, చెయ్యి వస్తే నొప్పి వస్తుందని మాత్రమే. రెక్కలు కత్తిరిస్తే లొంగుతుందన్న సలహా మరీ ఘోరం. ఎగిరిపోయే దారి మూసేస్తే మిగిలేది కరవడమేగా.

మరి పద్ధతేంటంటారా? చిలక జోస్యం వాళ్ల చేతిలో ఎప్పుడో ఉంది. చిలక కార్డు లాగీ లాగగానే గింజ. ముందు కాదు, అరనిమిషం తర్వాతా కాదు. (ఆ రామచిలకని పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, జోస్యానికైనా ముద్దుకైనా. మనం మాట్లాడుకునేది షాపువాళ్లు కాక్‌టెయిల్ అని అమ్మే కాకటీల్ గురించి.)

లంచం ఆత్రేయపురం పూతరేకు కాదండి, ఆ తీపీ నెయ్యీ దానికి పడవు. కొర్ర కంకి తెండి. పంజరంలో ఎప్పుడూ వేలాడుతుంటే దానికి విలువుండదు, పాఠం వేళకే తీయాలి. పొద్దున గింజల గిన్నె పెట్టేముందు ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు. మాడ్చమని కాదు, భోంచేసి ఆవులించేవాడికి పాఠం ఎక్కదని.

మొదటి మూడు నాలుగు రోజులు ఊచల బయటనుంచే కంకి అందించాలి. ఆ పని బొటనవేలిదీ మధ్యవేలిదీ, తమరు మడుచుకుని ఉండండి. ఒళ్లు అటు వాల్చకుండా తింటోందంటే తర్వాత పుల్లైసు పుల్ల. కొత్తది, కొసలు గుండ్రంగా ఉన్నది. చీపురు ఈనె వద్దు, కంట్లో గుచ్చుకుంటుంది. పుల్ల కొస దానికి జానెడు దూరంలో పెట్టండి. ముక్కుతో తాకిన క్షణానే నాలుకతో "టక్" మనండి, వెంటనే రెండు కొర్రగింజలు. టక్ ఆలస్యమైతే పుల్ల కొరకడం నేర్చుకుంటుంది. నమిలేస్తుంటే పుల్లని ఇంకా ముందే, తాకీ తాకగానే తీసేయాలి.

పుల్ల వెనక నాలుగడుగులు నడుస్తోంటే అప్పుడు మందు కొట్టని, కడిగి ఆరబెట్టిన జామ కొమ్మ, మీ అంత లావుది. పాదాలకి కాస్త పైన, పొట్ట కింద ఆనించి "ఎక్కు". కొమ్మమీద తడబడకుండా ఎక్కడం వచ్చాక, ఆ కొమ్మ పక్కనే తమరు దయచేయవచ్చు. అడ్డంగా, బిగువుగా, వణక్కుండా. ముక్కుతో పట్టి చూస్తే చూడనివ్వండి. నిజంగానే నొక్కిందా, కేకలొద్దు, విదిలించొద్దు. నెమ్మదిగా దగ్గరున్న పీటమీద దించి, పది లెక్కపెట్టేదాకా మొహం తిప్పుకోండి, అంతే. తర్వాత దానికి ఇంతకుముందు వచ్చిన మెట్టు దగ్గర్నుంచి మళ్లీ మొదలు. కరిచిన వెంటనే బుజ్జగిస్తూ కంకి పెట్టారో, మొత్తం చదువు గోదాట్లో కలిపినట్టే.

రాత్రి పదకొండుదాకా టీవీ ముందు కూర్చోబెట్టి పొద్దున్నే పాఠమంటే కరవక ఏం చేస్తుంది? పది పన్నెండు గంటల చీకటి నిద్ర కావాలి దానికి. నిమిరితే తలా మెడా మాత్రమే, వీపు నిమిరితే జతకట్టే ఊపు వచ్చి మరీ చిరాకు పడుతుంది. నిన్నటిదాకా మెత్తగా ఉన్నది హఠాత్తుగా ఈకలు ఉబ్బించుకు కూర్చుని, ముట్టుకుంటే కరుస్తోందా, పాఠాలాపి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

రేపు పొద్దున ఆరున్నరకి కంకితో మేమే వెళ్తాం. తమ పిలుపు వచ్చేసరికి ఎంత లేదన్నా రెండు మూడు వారాలు పట్టొచ్చు. అందాకా ఫ్యాను స్విచ్చులూ, కూరలో ఉప్పు సరిచూడటాలూ గట్రా చూసుకోండి. ఊచల దగ్గరికి మాత్రం రాకండి, ఆయ్.

ఇట్లు,
తమరు దెబ్బ తిన్నప్పుడల్లా తమతోపాటు కట్టులో ఇరుక్కునే
మిగతా నలుగురం