ఊరికి తీగ వచ్చింది, పుంత పోతోంది

మే నెలలో లండన్‌లో మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి మా ఊళ్లో సాయంత్రం అయిదున్నర అవుతుంది. నేను పనిచేసే బృందంలో సగం మంది అక్కడివారు కనుక నా పని మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలవుతుంది. వారు భోజనానికి లేచే గంట నాకు పొలాల మీదికి వెళ్లే గంట. గోదావరి డెల్టాలోని ఈ ఊరికి ప్రతి వేసవిలో వచ్చి, పెంకుటింటి మధ్యగదిలో కంప్యూటరు పెట్టుకుని నెలరోజులు పనిచేసుకుంటాను. ఇల్లే ఆఫీసుగా ఊళ్లో బతకడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు నాకు జవాబు దొరికింది ఆ గదిలో కాదు, ఆ గంట నడకలో.

దాళ్వా (రెండో పంట వరి) కోతలు ముగిసి, మరమ్మతుల కోసం కాలువలు కట్టేసిన ఈ రోజుల్లో డెల్టాలో ఉండే నిశ్శబ్దం మరే కాలంలోనూ ఉండదు. ఉదయం పది దాటాక వీధిలో మనిషి కనిపించడు. ఎండ కంటే ఉక్క ఎక్కువ బాధిస్తుంది. సముద్రపు తేమకు చెమట ఆరదు. అందుకే ఇక్కడ మనిషి బయటికి రాగలిగేది తెల్లవారుజామున రెండు గంటలు, పొద్దువాలాక ఒక గంట. ఆ కాస్త వ్యవధిలో నడవడానికి నీడ ఉన్న దారి కావాలి. పొలాల మధ్య బండి దారి అయిన మా పుంత పొడవునా కానుగ చెట్లున్నాయి. కొన్ని చెట్లు ఇంకా బోసిగా ఉండగానే కానుగ కొత్త చిగురు వేసి, వేసవి నడిమికల్లా చిక్కటి నీడనిస్తుంది. దారుల వెంట దానిని నాటిన పెద్దలు ఆ సంగతి ఎరిగే నాటారని నా నమ్మకం.

2020 మార్చి లాక్‌డౌన్‌తో ఉద్యోగులు ఊళ్లకు చేరారు. అదే ఏడాది నవంబరులో టెలికాం శాఖ ఇంటినుంచి పనికి అడ్డుగా ఉన్న నిబంధనలను సడలించింది. పంచాయతీలను ఆప్టికల్ ఫైబర్‌తో కలిపే పథకానికి 2011లోనే ఆమోదం లభించింది. తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు, తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కందకాల్లో వేశారు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, ముఖ్యంగా మహిళల కోసం, ఇంటినుంచి పనిని పెద్దఎత్తున ప్రోత్సహిస్తామన్నారు. ఇవన్నీ మేలైన పనులే. అయితే ఈ చర్చంతా తీగ వేగం చుట్టూ తిరుగుతోంది. ఊళ్లో ఉండి కూడా గడప దాటి నడవలేకపోతే, ఆ గదికీ నగరంలోని అద్దె గదికీ తేడా ఏముంటుంది?

పుంత అంటే పొలాల మధ్యగా సాగే బండి దారి. గుంటూరు వైపు డొంక అంటారు, తెలంగాణలో బండ్ల బాట అంటారు. ఇది ఎవరో దయతలచి వదిలిన నేల కాదు. ప్రజల రోడ్లు, వీధులు, బాటలు ప్రభుత్వ ఆస్తి అని 1905 నాటి భూ ఆక్రమణల చట్టం రెండో సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అయినా పుంత పోతూనే ఉంది, ఒక్కరోజులో కాకుండా జానెడు జానెడుగా. ఈ ఏడు గట్టు మూరెడు జరుగుతుంది, మరుసటి ఏడు అక్కడ కొబ్బరి మొక్క లేస్తుంది, ఆపైన కంచె వస్తుంది. రెండు బండ్లు తప్పుకునే దారి చివరికి మనిషి ఒదిగి నడిచే గట్టుగా మిగులుతుంది. మా పుంతలో చివరి అరమైలు నా కళ్లముందే అలా అయింది.

ఈ నష్టం కంప్యూటరుతో బతికే నాలాంటివారికి చిన్నది. లోపలి చేల కౌలురైతు వరికోత యంత్రాన్ని పక్కవాడి చేలోంచి బతిమాలుకుని తీసుకెళ్లాలి. పశువులు తోలుకెళ్లే దారి ఉండదు. చాలా ఊళ్లలో దళితులు శ్మశానానికి శవాన్ని మోసుకెళ్లే దారి కూడా ఇదే; అది మూసుకుపోతే చావుకు కూడా తగాదా తప్పదు. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించేందుకు పథకాలు రూపొందించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది.

మధ్యాహ్న భోజనవేళ పొలాల్లో నడిచివచ్చే ఇంగ్లండు సహోద్యోగుల మాటల్లో నన్ను ఆకట్టుకున్నది అక్కడి చల్లదనం కాదు. సొంతదారుడి పొలం మధ్యనుంచి వెళ్లే కాలిబాటపైనా నడిచే హక్కు అక్కడ ప్రజలది. అలాంటి బాటలను పటాల్లో నమోదు చేసే బాధ్యతను 1949 చట్టం స్థానిక సంస్థలపై పెట్టింది. మన దగ్గర గ్రామ నక్షాలు అంతకంటే ముందునుంచీ ఉన్నాయి. ఉన్న పటాన్ని నేలమీద నిలబెట్టేవారే లేరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే ఇందుకు వీలైన సమయం. ఈ సర్వేలో వాడే డ్రోనుకు కనిపించేది నేటి గట్టు మాత్రమే. పొలాల్లో కలిసిపోయిన పుంత పాత నక్షాలోనే ఉంటుంది. కాబట్టి రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి, ప్రతి ఊరి పుంతల జాబితాను, వాటి అసలు వెడల్పుతో సహా, గ్రామ సచివాలయం గోడకు అంటించి గ్రామసభలో చదివించాలి. హద్దురాళ్లు పొలాలకు పాతినట్టే దారులకూ పాతాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కానుగలను కొట్టకుండా వాటిని విడిచి మలుపు తిప్పడం ఇంజనీరుకు అసాధ్యమేమీ కాదు.

జూన్‌లో కాలువలకు నీళ్లు వదులుతారు. నారుమళ్లకు దుక్కులు మొదలయ్యాక గట్టు ఎవరిదో, పుంత ఎక్కడిదాకానో బురదలో తేలదు. కొలిచే పని ఏదైనా నేల ఎండి ఉన్న ఈ నాలుగు వారాల్లోనే జరగాలి.