పట్టపగలు దివిటీ ఎందుకని అడిగిన పెద్దమనిషికి

ఈ ఉదయం బెంగళూరు మారతహళ్ళి దగ్గర సిగ్నల్ పడి ఆగి ఉండగా, మా అపార్ట్‌మెంట్ పక్క బ్లాకులో ఉండే ఒక పెద్దమనిషి తన కారు అద్దం దించి, నా సైకిల్ సీటు కింద మినుకుతున్న ఎర్ర లైటు వైపు వేలు చూపించి, "ఏమండీ, పట్టపగలు దివిటీ పెట్టుకుని బయలుదేరారు, ఊరేగింపు ఎవరికి?" అని నవ్వారు. నేను జవాబు చెప్పేలోగా పచ్చ లైటు పడింది, ఆయన వెళ్ళిపోయారు. నా ఒళ్ళు మాత్రం ఇంకా మండుతూనే ఉంది.

అయ్యా, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని, ఫోనులో దారి చూసుకుంటూ కూర్చున్న మీకు నా లైటు కనపడిందంటే, దాన్ని కొన్నందుకు నాకు అంతకన్నా కావలసిందేముంది? ఈ ఊళ్ళో సైకిల్ వాణ్ణి రాసుకుంటూ పోయిన ప్రతి మహానుభావుడూ బండి ఆపితే గిపితే చెప్పేది "కనపడలేదు సార్" అన్న ఒక్క మాటే కదా. ఆరడుగుల మనిషి మిట్టమధ్యాహ్నం కనపడడు. బొటనవేలంత లైటు మాత్రం వెక్కిరించడానికి వీలుగా చక్కగా కనపడుతుంది.

ఆ పెద్దమనిషి స్కూటరు కూడా మా సెల్లారులోనే ఉంటుంది. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది కనుక, ఆయన కూరగాయలకు వెళ్ళినా పగటి దివిటీతోనే వెళుతున్నారు. మొదట్లో దారిన పోయేవాళ్ళంతా గుప్పిట తెరిచి మూసి "లైటు, లైటు" అని సైగలు చేసేవారు, ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఇంజనున్న బండికి భద్రత, తొక్కే బండికి ఊరేగింపు!

స్వీడన్‌లో 1977 నుంచీ, డెన్మార్క్‌లో 1990 నుంచీ మోటారు వాహనాలు పగలు కూడా లైట్లతోనే తిరుగుతున్నాయి. అదే డెన్మార్క్‌లోని ఓడెన్సే నగరంలో 2004-05లో దాదాపు 3,800 మంది సైకిల్ వాళ్ళను తీసుకుని, దాదాపు సగం మందికి చక్రం చువ్వలకు బిగించిన అయస్కాంతాలతో ఎప్పుడూ వెలిగే లైట్లు ఇచ్చి ఏడాది పాటు చూస్తే, లైట్లున్న వాళ్ళు గాయపడిన ప్రమాదాలు 19 శాతం తక్కువగా తేలాయి. అది డెన్మార్క్ కదా అంటారని తెలుసు. అక్కడ సైకిల్ వాళ్ళకు వేరే దారి ఉండి కూడా లైటు పనికొచ్చిందంటే, బీఎంటీసీ సిటీ బస్సుకూ నీళ్ళ ట్యాంకరుకూ మధ్య దూరే నాకు పనికిరాదా?

ఇంకొందరు "రిఫ్లెక్టర్ ఉందిగా" అని సలహా ఇస్తారు. రిఫ్లెక్టర్ తన మీద పడిన హెడ్‌లైటు వెలుగునే తిప్పి పంపుతుంది తప్ప సొంతంగా వెలగదు. పగలు అది ఉత్త ప్లాస్టిక్ ముక్క. పైగా మన ఊళ్ళో ఎండ ఒకటే తీరుగా ఉండదు. కళ్ళు చెదిరే వెలుతురులోంచి ఒక్కసారిగా ఫ్లైఓవర్ కిందికో, పాత రోడ్ల మీది చెట్ల నీడలోకో వచ్చిన డ్రైవరు కంటికి నల్లచొక్కా వేసుకున్న సైకిల్ మనిషి నీడలో నీడగా కలిసిపోతాడు. అక్కడ పనికొచ్చేది ఎండలోనూ కొట్టొచ్చినట్టు కనపడే, గట్టి వెలుగున్న లైటే. సందుల్లో రాత్రి పూట వాడుకునే చిన్న లైటు ఎండలో వెలిగినట్టే తెలియదు.

అసలు కనపడటం గురించి మాట్లాడాలంటే 2020లో అవుటర్ రింగ్ రోడ్డు మీద స్తంభాలు పాతి వేసిన సైకిల్ దారి సంగతి మాట్లాడాలి. కిలోమీటర్ల పొడవున్న ఆ దారే చాలామందికి కనపడలేదు. బైకులు అందులోనే దూసుకుపోయాయి, ఆటోలు అందులోనే ఆగాయి, స్తంభాలు ఒక్కొక్కటే విరిగి మాయమయ్యాయి. అప్పుడు ఈ పెద్దమనిషి లాంటి వారెవరూ అద్దం దించి ఒక్క ప్రశ్న అడగలేదు. అన్నట్టు, ఆ దించిన అద్దానికి నల్ల ఫిల్ము అంటించి ఉంది. అద్దాలకు ఫిల్ములు అంటించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 2012లో.

నా లైటు మినుకుమినుకుమంటూ కళ్ళకు గుచ్చుకుంటోందని ఆయన మర్యాదగా చెప్పి ఉంటే, కాస్త కిందికి వంచుకునేవాణ్ణి, మినుకు మాన్పించి నిలకడగా వెలిగేలా పెట్టుకునేవాణ్ణి కూడా. కానీ రోజూ రాత్రి మా గేటు ముందు హై బీమ్‌తో వచ్చి, వాచ్‌మన్ చేత్తో కళ్ళు మూసుకునేదాకా హారన్ కొట్టే కారు ఆయనదే. ముందు ఆ హెడ్‌లైట్లు దించమనండి, తర్వాత నా దివిటీ సంగతి మాట్లాడుకుందాం.