పేరులేని చైను, దొంగపేరు చైను

“కంపెనీది ఇమ్మంటారా, లోకల్‌ది ఇమ్మంటారా?”

సైకిల్ షాపుకెళ్లి బ్రేకు రబ్బర్లన్నా, చైనన్నా, పెడలన్నా కౌంటరు అవతలి నుంచి ముందు వచ్చే మాట ఇదే. చాలామంది దీన్ని నాణ్యత గురించిన ప్రశ్న అనుకుంటారు. నా దృష్టిలో ఇది నిజాయితీ గురించిన ప్రశ్న. అలా అడిగే దుకాణదారు మనల్ని మోసం చెయ్యట్లేదు. రెండు వస్తువులు ముందు పెట్టి, రెండు ధరలు చెప్పి, ఎంచుకోమంటున్నాడు. గొడవంతా ఆ ప్రశ్న అడక్కుండా డబ్బా చేతిలో పెట్టే చోట మొదలవుతుంది.

పోయిన వానాకాలం కాకినాడలో నాకు అలాంటి డబ్బా ఒకటి దొరికింది. పేరున్న కంపెనీ గుర్తు, మెరిసే అట్ట, ధర కూడా కంపెనీ ధరే. మూడో రోజు సాయంత్రం, చినుకులు పడుతుండగా మలుపులో బ్రేకు పట్టాను. సైకిలు తన దారిన తాను పోయింది. ఆగి ఉన్న అరటిపళ్ల బండి అడ్డు రాకపోతే కాలవలో ఉండేవాణ్ణి. మర్నాడు ఎప్పుడూ వెళ్లే మెకానిక్ దగ్గరికి నడిపించుకెళ్లాను. ఆయన రబ్బరు ఊడదీసి, బొటనవేలి గోరు గట్టిగా గుచ్చి నాకు చూపించాడు. గుర్తు పడలేదు. రేకు డబ్బాలోంచి సగం అరిగిన పాత రబ్బరు ఒకటి తీసి అలాగే గుచ్చాడు. నెలవంకలా సన్నటి గీత పడింది.

“ఇది కంపెనీదేగా బాబాయ్?” అన్నాను.

“కంపెనీది కాదు బాబూ, కంపెనీ డబ్బాలోది.”

ఆ గోటి గుర్తులో చాలా విషయం ఉంది. మన పాతకాలం సైకిళ్లవి క్రోమ్ పూసిన ఉక్కు రిమ్ములు. అవి తడిస్తే మంచి రబ్బరుకే పట్టు బాగా తగ్గిపోతుంది. చౌక పొడులు దట్టించి గట్టిపరిచిన రబ్బరు అయితే ఇక చెప్పక్కర్లేదు, ఎండలో ఎలాగో నెట్టుకొచ్చి వానలో చేతులెత్తేస్తుంది. చూడ్డానికి రెండూ నల్లగానే ఉంటాయి. ధరలో తేడా కంటికి కనిపించని చోట ఉంటుంది కాబట్టే దొంగ సరుకు అమ్మడం అంత తేలిక.

చైను సంగతీ ఇంతే. కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. వాడేకొద్దీ చైను ‘సాగుతుంది’ అంటాం గానీ నిజానికి సాగేది రేకు కాదు, లోపలి పిన్నులు అరిగి సందులు పెరుగుతాయి. ఆ 24 లింకుల పొడవు అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా చూస్తూ కూర్చుంటే ఫ్రీవీలు (వెనక చక్రం మీది పళ్లచక్రం) పళ్లు కూడా తినేసి ఉంటుంది. పిన్ను త్వరగా అరగకుండా ఉండాలంటే పైపొర గట్టిగా, లోపల కాస్త మెత్తగా ఉండేలా కొలిమిలో కాల్చి చల్లార్చాలి. ఆ పనికి ఇంధనం కావాలి, సమయం కావాలి, అన్నిటికంటే తేడా వచ్చిన సరుకును పక్కన పారేసే మనసు కావాలి. వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బులో పక్కకు తొమ్మిది చొప్పున పావంగుళం బాల్స్ ఉంటాయి. వాటిలో ఒక్కటి వెంట్రుకవాసి పెద్దదైనా బరువు దాని మీదే పడి, బాల్స్ దొర్లే కప్పూ కోనూ గుంటలు పడతాయి. కంపెనీ సరుకుకు మనం ఇచ్చే ఎక్కువ డబ్బులో కొంత ప్రకటనలకు పోతుంది, నిజమే. మిగతాది ఆ పనికిరాని బాల్‌ను ఏరి పారేసినందుకు ఇచ్చే కూలి.

అలాగని ‘లోకల్’ అంటే చెత్త, ‘నకలు’ అంటే పాపం అని తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ లెక్కన మన నల్ల సైకిలే నకలు. 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, ఫుల్ చైన్ కవరు ఉన్న ఆ బండి ఇంగ్లండు రోడ్‌స్టర్ వంశంలోది. స్వాతంత్య్రం తర్వాత అసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ వాళ్లు ఇంగ్లిష్ కంపెనీతో కలిసే సైకిళ్లు చేశారు, చెన్నైలో టీఐ (ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్) వాళ్లూ అంతే. లూధియానాలో ముంజాల్ సోదరులు మొదట సైకిల్ విడిభాగాల వ్యాపారంలో ఉండి, 1956లో హీరో పేరుతో సైకిళ్లు మొదలుపెట్టారు. ఎవరి పార్టు ఎవరి సైకిలుకైనా సరిపోతుంది కాబట్టే ఏ పల్లెలో చైను తెగినా చెట్టుకింద మెకానిక్ పది నిమిషాల్లో దారిన పెట్టేవాడు. అదే నాటింగ్‌హామ్ ర్యాలీ కంపెనీ చాలాకాలం తన సైకిళ్లకు అంగుళానికి 26 చుట్ల మర వేసింది, తోటి ఇంగ్లిష్ కంపెనీలు 24 వేస్తుంటే. పార్టు కావాలంటే తన దగ్గరికే రావాలి. ఒకరినొకరు చూసి చేసుకోవడమే పేదవాడి సైకిలును బతికించింది.

కాపీ కొట్టడంలో పెద్దల కథ ఇంకా రంజుగా ఉంటుంది. జపాన్‌లో సకాయ్ అనే ఊళ్లో రెండు కంపెనీలుండేవి. ఒకటి 1921లో ఫ్రీవీళ్లతో మొదలైన షిమానో, రెండోది సన్‌టూర్ పేరుతో గేర్లు చేసే మాయెదా. వెనక గేరు మార్చే డీరైలర్ పళ్లచక్రాల వాలుకు తగ్గట్టు ఏటవాలుగా కదలాలన్న ఆలోచన సన్‌టూర్ వాళ్లది, 1964 నాటిది. ఆ పేటెంటు ఇరవై ఏళ్లు వాళ్లను కాపాడింది. 1984లో గడువు తీరింది. షిమానో ఆ ఆలోచనను తీసుకుని, దానికి తన స్ప్రింగులూ, టిక్కుమని గేరు పడే మీటా జోడించింది. కొన్నేళ్లలో బజారంతా షిమానోది, సన్‌టూర్ చేతులు మారిపోయింది. ఇది దొంగతనమా? కాదు. ఆలోచనకు గడువు ఉంటుంది, ఆ తర్వాత అది అందరిదీ. ఈ రోజు తైవాన్ కంపెనీ మైక్రోషిఫ్ట్ తన పేరు వేసుకుని, తక్కువ ధరకు గేర్లు అమ్ముతున్నా తప్పు పట్టాల్సిందేమీ లేదు.

పేరుకు మాత్రం అలాంటి గడువు లేదు. రెన్యూ చేసుకుంటున్నంతకాలం అది వాళ్లదే. కారణం కూడా ఉంది. డీరైలర్ ఎలా కదలాలన్నది ఒక ఉపాయం. డబ్బా మీది పేరు ఒక పూచీ. తేడా వస్తే నన్ను అడుగు అని చెప్పడం. మనదేశంలో 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం దొంగపేరు వేసినవాడికే కాదు, ఆ సరుకు అమ్మినవాడికీ ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. బ్రేకు రబ్బర్ల కోసం అంత దూరం ఎవరెళ్తారన్నది వేరే మాట.

పూచీ అంటే ఏమిటో 2023 సెప్టెంబరులో తెలిసింది. రెండు అల్యూమినియం ముక్కలు అతికించి చేసిన షిమానో రోడ్ బైక్ క్రాంకులు, అంటే పెడళ్లు బిగించే చేతులు, కొన్ని విడిపోతున్నాయని తేలింది. ఒక్క అమెరికా, కెనడాల్లోనే 7,60,000 క్రాంకులను పరీక్షకు పిలిచారు. అమెరికాలో అప్పటికే అందిన ఫిర్యాదులు 4,519, గాయపడినవాళ్లు ఆరుగురు. అంటే ఎంత పేరున్నవాడి సరుకైనా విరుగుతుంది. ఇంత ఆలస్యంగా మేలుకున్నారేమని తిట్టాల్సిందే. కానీ క్రాంకు వెనక చెక్కిన రెండక్షరాల కోడును బట్టి అది ఏ నెలలో తయారైందో పట్టుకోగలిగారు, దుకాణాలకు పిలవగలిగారు, తేడా ఉన్నవి ఊరికే మార్చి ఇచ్చారు. నా నల్ల రబ్బర్లను ఎవరు పిలుస్తారు? వాటికి పుట్టిన ఊరే లేదు.

“అదే ఫ్యాక్టరీలో చేస్తారండీ, పేరు వెయ్యరంతే” అన్న మాట మీరూ వినే ఉంటారు. ఒక్కోసారి నిజం కూడా. ఒకడు చేసి ఇంకొకడి పేరుతో అమ్మడం సైకిల్ వ్యాపారంలో మామూలే. 1980లలో అమెరికా ష్విన్ సైకిళ్లు ఎన్నో తైవాన్ జెయింట్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. కానీ అదే యంత్రం మీద చేసినా పరీక్షలో తప్పిన ముక్క ఏ గుమ్మంలోంచి బయటికి పోయిందన్నదే అసలు సంగతి. కంపెనీ వద్దన్న సరుకే మన చేతికి వచ్చిందేమో!

బ్రాండ్లు పతివ్రతలేం కావు. ఎనిమిది గేర్ల నుంచి పన్నెండుకు పోయిన ప్రతి మెట్టు మీదా పాత చైనూ, పాత మీటా పనికిరాకుండా పోయాయి. ఒక కంపెనీ మీటకు ఇంకో కంపెనీ డీరైలర్ కుదరకుండా కేబుల్ లాగే కొలతలే మార్చారు. చిన్న స్ప్రింగు విరిగితే స్ప్రింగు దొరకదు, మొత్తం సెట్టు కొనాలి. ఏడువేల సైకిలుకు రెండువేల పార్టు కొనమంటే ఎవడైనా లోకల్ వైపే చూస్తాడు. చూడడం తప్పు కాదు. పాల క్యాన్లు కట్టుకుని తిరిగేవాడికి మడ్‌గార్డు, బెల్లు, క్యారియరు, స్టాండు లోకల్‌వైనా ఏ కొంపా మునగదు. మహా అయితే కాకినాడ గాలికి ఆర్నెల్లలో తుప్పు పడుతుంది. బ్రేకు, ఫోర్కు, క్రాంకు, హ్యాండిల్ అలా కాదు. అవి విరిగితే పళ్లు రాలతాయి. మా మెకానిక్ అయితే రెండో రకంలో ఊరూపేరూ లేనిది బిగించడు. “లోకల్‌దైనా పర్లేదు బాబూ, చేసినోడి పేరుండాలి,” అంటాడు.

చట్టమూ దాదాపు ఇదే అంటుంది. ప్యాకెట్టు మీద తయారీదారు పేరు, చిరునామా, నెల, ధర ఉండాలని 2011 తూనికల నిబంధనలు చెబుతున్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 86 ఇంకో అడుగు ముందుకేసింది. లోపమున్న వస్తువు వల్ల దెబ్బ తగిలి, దాన్ని చేసిందెవరో తెలియకపోతే బాధ్యత అమ్మినవాడి మీదికే వస్తుంది. అయితే ఆ దుకాణంలోనే కొన్నామని మన దగ్గర రుజువుండాలి. సైకిల్ పార్టుకు బిల్లడిగే అలవాటు మనకుందా? నాకూ లేదు, మొన్నటిదాకా.

మొన్న చైను మార్చాల్సొచ్చి ఇంకో షాపుకెళ్లాను. మెరిసే అట్టపెట్టె వచ్చింది. “బిల్లు మీద కంపెనీ పేరు కూడా రాయండి” అన్నాను. కుర్రాడు ‘చైను ఒకటి’ దాకా రాసి పెన్ను ఆపాడు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వాళ్ల నాన్న వంక చూశాడు. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, “అది లోపల పెట్టరా, పై అరలోది తీసుకురా” అన్నాడు.