ఐస్ లెక్క అడిగే అధికారం లేనప్పుడు

నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో సరుకు చెడిందని ముందుగా తెలిసేది క్వాలిటీ సూపర్‌వైజర్‌కు. చెరువు గట్టు మీద ఎంత ఐస్ వేయాలో తేల్చేది మాత్రం కొనుగోళ్ల మేనేజర్. మేనేజర్‌కు సూపర్‌వైజర్ చెప్పగలడే గానీ ఆదేశించలేడు.

ఇందుకూరుపేట వైపు రాత్రి పట్టుబడినే, అంటే చెరువులో రొయ్యలు పట్టే పనినే తీసుకుందాం. కిలో రొయ్యకు కిలో ఐస్ పడాలి. తొందరలోనో, ఖర్చు చూసుకునో అది సగమవుతుంది. తెల్లారి బండి దిగేసరికి రొయ్య లోపల 4 డిగ్రీలు దాటి ఉంటుంది, తలలు నల్లబడటం మొదలవుతుంది. ‘ఐస్ తక్కువ వేస్తున్నారు’ అని అందరి ముందు మీటింగ్‌లో అన్నామా, ఆ మేనేజర్ ఇక ఐస్ గురించి ఆలోచించడు, తన పరువు గురించే ఆలోచిస్తాడు.

ముందు పది లోడ్లు కొలవాలి. ప్రతి బండిలో పై, మధ్య, అడుగు క్రేట్ల నుంచి రొయ్యలు తీసి ప్రోబ్ థర్మామీటర్ గుచ్చాలి. పై క్రేటు ఒక్కటే చూస్తే మోసపోతాం, బయల్దేరే ముందు చల్లిన ఐస్ దాన్ని చల్లగానే చూపిస్తుంది. పట్టుబడి మొదలైన వేళ, దారిలో పట్టిన గంటలు, నల్లతలల శాతం పక్కనే రాయాలి.

డిగ్రీలు మేనేజర్‌కు ఎక్కవు, రూపాయలు ఎక్కుతాయి. తలతో ఎగుమతి కావాల్సిన రొయ్య నల్లబడితే తల తీయక తప్పదు, కిలోకు 650 గ్రాములు అటూ ఇటుగా మిగులుతుంది. 4 టన్నుల లోడులో 5 శాతం అలా పోతే 200 కిలోలు 130కి దిగుతాయి. తల తీసిన సరుకుకు కిలో ధర ఎక్కువే కాబట్టి అది కూడా లెక్కేసి, తల తీసిన కూలీ కలిపి, తేలిన నష్టాన్ని అదనపు ఐస్ ఖర్చు పక్కన పెట్టాలి. ఐస్ ఖర్చే పెద్దదైతే నోరు మూసుకోవడం మంచిది.

ఆ కాగితంతో మీటింగ్‌కు ముందురోజు క్యాబిన్‌లో ఒంటరిగా కలవాలి. ‘ఒకే చెరువు సరుకు సార్, రెండు బండ్లు. ఒకదానికి పూర్తి ఐస్ వేసి చూద్దామా?’ అంతకు మించి అడగొద్దు. గట్టు మీద ఐస్ ఎత్తే మనుషులకు, డ్రైవర్‌కు కూడా ముందే చెప్పాలి. చాలా ట్రయళ్లు దెబ్బతినేది ఇక్కడే: మాట కింద దాకా చేరదు, రెండు బండ్లకూ మామూలు ఐసే పడుతుంది. ఫలితం వచ్చాక మీటింగ్‌లో మేనేజరే చెప్పుకోనివ్వాలి. పేరు తనకే రావాలనుకునేవాళ్లకు ఈ పద్ధతి పడదు.

నేరుగా ఎండీకి మెయిల్ పెట్టడం ఒకసారి పనిచేస్తుంది. ఆ తర్వాత ఏ బండి ఎన్నింటికి వస్తుందో కూడా క్వాలిటీ వాళ్లకు ముందుగా చెప్పరు.

నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ సంగతి వేరు. నిషేధించిన ఆ మందులు పరీక్షలో బయటపడితే ట్రయల్, నచ్చజెప్పడం ఏమీ ఉండవు. సరుకు ఆపి, కారణం రిజిస్టర్‌లో రాసి, నకలు అదే రోజు పైకి పంపాలి.