ఠంగుమన్న మెట్టు

పికప్ బండికి మడత మెట్టు బిగించడం అరగంట పని. దాన్ని విప్పి ఇంకోచోట బిగించడానికే పూటంతా పడుతుంది.

తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయలు తోలే బండి అనుకోండి. ఓనరు మెట్టు కొనుక్కొచ్చాడు. డ్రిల్లు బావమరిది దగ్గరుంది. డ్రిల్లున్నవాడే మేస్త్రీ. వెనక డోరు మూసే ఉంది. దాని కిందుగా, నంబరు ప్లేటు పక్కన మెట్టు ఆనించి, "ఇక్కడైతే అందంగా ఉంది బావా" అన్నాడు. ఆదిలోనే హంసపాదంటే అదే. (మడిస్తే నంబరు ప్లేటే కనపడకుండా బిగించే మహానుభావులూ ఉన్నారు. వాళ్ల సంగతి చలానా చూసుకుంటుంది.)

సెంటర్ పంచి కొట్టకుండా నేరుగా 10 ఎంఎం బిట్టు పెట్టాడు. అది జారి, పెయింటు మీద ముగ్గేసింది. పంచితో గుంట పెట్టి, 4 ఎంఎం బిట్టుతో దారి చేసి, ఆ తర్వాతే పదిన్నర బిట్టు దింపాలి. అంతకన్నా ముందు బండి కిందికి దూరి చూడాలి. బావమరిది తెల్లచొక్కాలో వచ్చాడు, దూరలేదు. టెయిల్ లైటు వైరు సరిగ్గా ఆ రేకు వెనకే పోతోంది. ఆ విషయం చీకటిపడ్డాక తెలిసింది.

బోల్టులు మాత్రం గట్టివే తెచ్చాడు, 8.8 గ్రేడువి. కానీ తెగేది బోల్టు కాదు. హమాలీ 70 కిలోలు, భుజమ్మీద బస్తా 50. ఈ 120 కిలోలూ బోల్టులకి 30 సెంటీమీటర్ల ఇవతల పడతాయి. పై బోల్టుల జతకీ కింది జతకీ మధ్య ఏడున్నర సెంటీమీటర్లే. అంటే మీటలా నాలుగింతలై, పై జత మీద లాగుడు దాదాపు 480 కిలోలు. బోల్టు నవ్వుకుంటుంది, రేకు అప్పడంలా వంకర్లు పోతుంది. రేకు లోపలివైపు 5 ఎంఎం ఇనప పట్టీ వేయాలి. బండి అడుగున అడ్డంగా పోయే ఇనప దూలం, అదే అడ్డ చానెల్, దొరికితే దానికే బిగించాలి. నట్టు నైలాక్‌దే (లోపల నైలాన్ రింగుండేది) కావాలి, మామూలుది గతుకులకి వదులైపోతుంది. కన్నాల అంచులకి రెడాక్సైడు పూయకపోతే వచ్చే వానాకాలానికే తుప్పు.

కొబ్బరికాయ కొట్టారు. ఓనరు డోరు గొళ్లాలు తీశాడు. డోరు వాలి, మెట్టు మీద ఠంగుమని ఆగిపోయింది. అటు పూర్తిగా వేలాడదు, ఇటు సమంగా నిలవదు.

"డోరు కొంచెం పొడుగైపోయింది బావా."

"బండి కొన్నప్పట్నుంచీ అంతే ఉందిరా!"

సాయంత్రానికి మెట్టు పక్కకి మారింది, వెనక చక్రం దాటాక, డోరు తగలని చోటికి. ఈసారి ఎత్తు ఖాళీ బండికి కొలిచారు. ముప్పై బస్తాలు ఎక్కేసరికి కమాన్ కట్టలు నాలుగు వేళ్లు దిగాయి, మెట్టూ దిగింది. పైగా మడవడం మరిచి బండి తీశారు. మొదటి స్పీడ్ బ్రేకరు మెట్టుని తనే మడిచిపెట్టింది, మళ్లీ తెరుచుకోకుండా.

మార్కెట్లో హమాలీ దాన్ని ఒకసారి చూసి, రోజూలాగే టైరు మీద కాలేసి ఎక్కాడు.