రెండు చిత్రాలతో స్వరలిపి సాఫ్ట్‌వేర్ మంచిచెడ్డలు తేలవు

ఒంగోలు, కావలి, నెల్లూరు ప్రాంతాల చర్చి క్వయర్ల (పాటల బృందాల) వాళ్ల, కీబోర్డు మాస్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. ఒకే పాట స్వరలిపిని, ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఎవిడ్ కంపెనీ అమ్మే సిబేలియస్‌లోనూ తీశామంటూ రెండు పేజీల చిత్రాలు పక్కపక్కన పెట్టి, ఉచితంగా దొరికేది అచ్చుకు పనికిరాదని, శబ్దంలోనూ వేగంలోనూ కూడా వెనకబడే ఉంటుందని, పెద్ద కంపెనీ సరుకే కలకాలం నిలుస్తుందని అందులో తేల్చేశారు. దీన్ని నమ్మి చిన్న సంఘాలు కూడా చందాలు పోగుచేసి లైసెన్సు కొనడానికి సిద్ధపడుతున్నాయి కాబట్టి జవాబు చెప్పవలసి వస్తోంది. సిబేలియస్ మంచిది కాదని నా వాదన కాదు; ఈ పోలికతో ఏదీ రుజువు కాదని నా వాదన.

ముందు చిత్రాల సంగతి. మ్యూజ్‌స్కోర్ పేజీ ఏ వెర్షన్‌తో తీసిందో ఎక్కడా లేదు. 2022 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్‌లో స్వరాల మధ్య ఎడం లెక్కగట్టే పద్ధతినే మార్చారు. అంతకుముందు తీసిన పేజీని చూపించి నేటి సాఫ్ట్‌వేర్‌కు మార్కులు వేయడం న్యాయం కాదు. ఏ పేజీని ఉన్నదున్నట్టుగా వదిలారో, దేన్ని చేత్తో సర్దారో కూడా చెప్పలేదు. సర్దకుండా ఒకసారి, రెండింటికీ సమానమైన సమయమిచ్చి సర్దించి ఇంకోసారి చూడాలి, ఎందుకంటే మొదటిది సాఫ్ట్‌వేర్ తెలివిని చూపిస్తే రెండోది మన మాట అది ఎంత వింటుందో చూపిస్తుంది. పైగా ఫోన్‌కు వచ్చేసరికి చిత్రం కుదించుకుపోయి, స్వరాలు రాసే ఐదు స్టాఫ్ గీతలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా కనబడతాయి. క్వయర్ చేతిలో ఉండేది ట్రంకు రోడ్డు జిరాక్స్ షాపులో తీయించిన ఏ4 కాగితం, పోల్చవలసింది దాన్ని.

మన పాటలకు అసలు పరీక్ష సాహిత్యం దగ్గర ఉంది, ఆ చిత్రాల్లో ఉన్నది మాత్రం ఇంగ్లీషు పాట. సొప్రానో (అన్నిటికన్నా పై స్థాయి గొంతు) లైను కింద మూడు చరణాలు ఒకదాని కింద ఒకటి పేర్చినప్పుడు, మొదటి చరణంలోని ‘స్తో’, ‘త్ర’ల ఒత్తులు కిందికి దిగి రెండో చరణంలోని గుడులకు తగులుతాయి, ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే లైన్ల ఎడం తెలుగుకు చాలదు. ‘స్తోత్రము’ అన్న మాటను మూడు స్వరాల కింద విడదీసినప్పుడు ‘స్తో’ వెడల్పుకు పక్క స్వరం ఎంత జరిగింది, ఆ జరగడంతో తాళం చూపుకు చెదిరిందా అన్నది కూడా చూడాలి. ఎడాన్ని ఒక్కచోట మారిస్తే ఫైలంతా మారుతుందా, లేక పేజీ పేజీకీ సర్దుకోవాలా అన్న చోటే క్వయర్ మాస్టరుకు క్రిస్మస్ ముందు రాత్రులు కరిగిపోతాయి. రెండింటిలోనూ ఒకే తెలుగు ఫాంటు పెట్టకపోతే, ఫాంటు తెచ్చిన తేడాను సాఫ్ట్‌వేర్ ఖాతాలో రాసినట్టవుతుంది.

ఒక స్వరలిపి సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పాటను పంపే మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఒక్కదాన్నే రెండింటిలోనూ తెరిచాం కాబట్టి పోలిక సమానమేనని సందేశం అంటోంది. ఆ ఫార్మాట్ స్వరాలను, కాలప్రమాణాన్ని, సాహిత్యాన్ని మోసుకొస్తుంది. పేజీ అమరికలో ఎంత రాయాలో పంపే సాఫ్ట్‌వేర్, ఎంత పాటించాలో తెరిచే సాఫ్ట్‌వేర్ నిర్ణయించుకుంటాయి. కనుక అక్కడ కనిపించేది దిగుమతి ఎంత బాగా జరిగిందన్నదే. అచ్చు పేజీని ముందు పెట్టుకుని రెండింటిలోనూ మొదటి నుంచి రాస్తేనే పోలిక.

శబ్దం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మ్యూజ్‌స్కోర్‌కు మ్యూజ్ సౌండ్స్ అనే వాద్య శబ్దాల లైబ్రరీని విడిగా, ఉచితంగా దించుకోవాలి. ఏ సౌండ్ లైబ్రరీతో వినిపించారో చెప్పని క్లిప్పుకు విలువ లేదు.

వేగం మాట వేరు. సిబేలియస్ కీప్యాడ్‌లో 4 నొక్కితే క్వార్టర్ నోట్ (పావు స్వరం) వస్తుంది. మ్యూజ్‌స్కోర్‌లో అదే 4 అందులో సగమైన ఎయిత్ నోట్, క్వార్టర్‌కు 5 నొక్కాలి. సిబేలియస్‌కు అలవాటుపడిన చెయ్యి మ్యూజ్‌స్కోర్‌లో ప్రతి బారులోనూ (నిలువు గీతల మధ్య తాళపు భాగంలోనూ) తడబడుతుంది, అటునుంచి ఇటు వచ్చినా అంతే. దేన్ని బాగా ఎరిగినవారితో దాన్ని రాయించి వేగం కొలవాలి.

ఇక పెద్ద కంపెనీ సరుకు నిలుస్తుందన్న మాట. 1988లో మొదలై దశాబ్దాలపాటు ప్రచురణకర్తలు నమ్ముకున్న స్వరలిపి సాఫ్ట్‌వేర్ ఫినాలేను, ఇక అభివృద్ధి చేయబోమని దాని యజమాని మేక్‌మ్యూజిక్ 2024 ఆగస్టులో ప్రకటించింది. 2012లో ఎవిడ్ లండన్‌లోని సిబేలియస్ కార్యాలయాన్ని మూసివేస్తే, ఆ బృందంలో చాలామంది స్టైన్‌బర్గ్ అనే మరో సంగీత సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లి 2016లో డోరికో అనే కొత్త స్వరలిపి సాఫ్ట్‌వేర్‌ను తెచ్చారు. మ్యూజ్‌స్కోర్ సోర్సు కోడు, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సు కింద బయటే ఉంది కాబట్టి, ఒక సంస్థ వదిలేసినా మరొకరు చేపట్టే దారి మిగులుతుంది. చేపట్టి తీరతారన్న హామీ మాత్రం అక్కడా లేదు. అందుకే ఏది వాడినా ప్రతి పాటకూ ఒక మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ప్రతిని, ఒక పీడీఎఫ్‌ను విడిగా దాచుకోవాలి.

సిబేలియస్‌కూ డోరికోకూ కూడా పరిమితులతో ఉచిత వెర్షన్లు ఉన్నాయని ఆ సందేశం చెప్పనే లేదు. చందా వసూలు చేసే ముందు, మూడు చరణాలున్న ఒక తెలుగు పాటను సొప్రానో, ఆల్టో, టెనార్, బేస్ భాగాలతో వాటిలోనూ మ్యూజ్‌స్కోర్‌లోనూ రాసి, ప్రింటు తీసి, ఏది ఏమిటో చెప్పకుండా క్వయర్ చేతికివ్వండి.